వైజాగ్ ట్రిప్పు పండగకి పెట్టుకుంటున్నారా, అయితే ముందు పంచాంగం తీయండి

నమస్తే అండీ, అందరూ బాగున్నారా. పోయిన వీడియో కింద కరీంనగర్ నుంచి ఒకాయన అడిగారు, "అన్నా, ఫ్యామిలీతో వైజాగ్ వద్దామనుకుంటున్నాం, బీచ్, కైలాసగిరి, అరకు ఎలాగూ చూస్తాం, వాటితోపాటు ఏదైనా మంచి పండగ కూడా కలిసొచ్చేలా ఏ తేదీల్లో రావాలో చెప్తే రైలు టికెట్లు తీసేసుకుంటాం" అని. దానికింద ఇంకొంతమంది "మాకూ చెప్పండి" అని తోడయ్యారు. సరే, ఇవాళ అదే మాట్లాడుకుందాం.

ఫోన్‌లో "వైజాగ్ ఫెస్టివల్స్" అని కొడితే ముందు కనబడేవి టూరిజం వాళ్ల ఉత్సవాలు. విశాఖ ఉత్సవ్, భీమిలి ఉత్సవ్, అరకు ఉత్సవ్. బాగుంటాయండీ, నేను కాదనను. బీచ్ రోడ్డంతా లైట్లు, స్టేజీ మీద సినిమా పాటలు, ఫుడ్ స్టాళ్లు, పూల ప్రదర్శన, పిల్లలకి మంచి కాలక్షేపం. కానీ వాటిని నమ్ముకుని రెండు నెలల ముందే టికెట్ తీయొద్దు. విశాఖ ఉత్సవ్ 2019 డిసెంబర్ ఆఖర్లో ఘనంగా చేశారు, ఆ తర్వాత కరోనా వచ్చింది, ఆ పైన కొన్నేళ్లపాటు దాని ఊసే లేకుండా పోయింది. చలి అరకు ఉత్సవ్ అని 2025లో జనవరి 31 నుంచి ఫిబ్రవరి 2 దాకా చేశారు, అలాగని వచ్చే ఏడు కూడా అవే తేదీలు అని ఎవరూ మాటివ్వలేరు. మీరు ఊళ్లో ఉన్నప్పుడు జరుగుతోందంటే వెళ్లండి, దానికోసమే మాత్రం రావద్దు.

మా ఊరి అసలు పండగలు వేరే ఉన్నాయి. వాటికి ప్రెస్‌మీట్ అక్కర్లేదు, ఏ పార్టీ గెలిచినా ఆగవు, 2020లో జనాన్ని రానివ్వని రోజుల్లో కూడా చందనోత్సవం ఏకాంతంగా జరిపించారు. చిక్కల్లా ఒక్కటే, అవి ఇంగ్లీషు తేదీల ప్రకారం రావు. సింహాచలం చందనోత్సవమే చూడండి, 2023లో ఏప్రిల్ 23న వచ్చింది, 2024లో మే 10న, 2025లో ఏప్రిల్ 30న. విజయనగరం పైడితల్లమ్మ సిరిమాను ఉత్సవం 2023లో అక్టోబర్ 31, 2024లో అక్టోబర్ 15, 2025లో అక్టోబర్ 7. పోయినేడు ఫలానా తారీఖున జరిగిందట కదా అని ఈ ఏడు కూడా అదే వారానికి సెలవు పెట్టుకుని దిగితే, మీరొచ్చేసరికి పందిళ్లు విప్పేసుంటారు, లేదంటే ఇంకా రాటలే పాతుండరు. అధికమాసం వచ్చిన ఏడైతే ఇంకా దూరం జరుగుతాయి. అందుకని తేదీలు రాసుకోకండి, తిథులు రాసుకోండి. ఇంట్లో గోడకి తగిలించుకున్న వెంకట్రామా క్యాలెండర్ చాలు, యాప్‌లు కూడా అక్కర్లేదు.

ఇప్పుడు ఏ పండగ ఎవరికి పనికొస్తుందో చెప్తాను. నెలల వరసలో చెప్పను, నాకు ముఖ్యం అనిపించిన వరసలో చెప్తాను.

చిన్న పిల్లలతో, పెద్దవాళ్లతో వచ్చే కుటుంబానికి నేను కళ్లు మూసుకుని చెప్పేది మార్గశిరం. అంటే నవంబర్ ఆఖరు, డిసెంబర్, కొన్నేళ్లలో జనవరి మొదటి రోజుల దాకా. ఉక్కపోత ఉండదు, సముద్రం గాలి చల్లగా తగుల్తుంది, అరకులో చలి మొదలవుతుంది, వాన భయం కూడా అక్టోబర్‌లో ఉన్నంత ఉండదు. అక్టోబర్ అంటే మాకు తుఫాన్ల నెల అండీ, 2014లో అక్టోబర్ 12న హుద్‌హుద్ ఊరు మీద పడినప్పుడు చూసినవాళ్లు ఇప్పటికీ ఆ నెలలో వార్తలు ఒకటికి రెండుసార్లు చూస్తారు.

మార్గశిరంలో వన్‌టౌన్ బురుజుపేటలో కనకమహాలక్ష్మి అమ్మవారి మాసోత్సవాలు. పూర్ణా మార్కెట్ దాటి లోపలికి వెళ్లాలి, సందులు ఇరుకు, కారు తీసుకెళ్లొద్దు, ఆటో దిగి నడవండి. గుడి అనగానే మీరు పెద్ద గోపురం, లోపల చీకటి గర్భగుడి, దూరం నుంచి దణ్ణం, ఇలా ఊహించుకుని వస్తారు. ఇక్కడ అమ్మవారి మీద కప్పే ఉండదు. ఎండకి ఎండుతూ వానకి తడుస్తూ ఆకాశం కింద ఉంటుంది. విగ్రహానికి ఎడమ చెయ్యి ఉండదు. 1912లో బావిలో దొరికిందని చెప్తారు. మధ్యలో పూజారి అడ్డం లేకుండా ఎవరి చేత్తో వాళ్లే పాలు పోసి, పసుపు రాసి, కుంకుమ పెట్టి వస్తారు, కులం గోత్రం అడిగేవాళ్లు లేరు. కింద గచ్చు మీద పాలు, పసుపునీళ్లు పారుతూ ఉంటాయి, కాలు జారుతుంది, పిల్లల చెయ్యి పట్టుకోండి. బయటికొచ్చాక చూసుకుంటే అరచేతులు పసుపు, చీర అంచు పసుపు, ఎవరూ పట్టించుకోరు. వన్‌టౌన్ పాతకాపులు ఇంట్లో బిడ్డ పుడితే ముందు ఈ అమ్మవారి దగ్గరికి తీసుకొచ్చి చూపిస్తారు, పెళ్లి కార్డు కూడా మొదట ఇక్కడే.

మార్గశిర గురువారాలు మాత్రం వేరే లెక్క. బుధవారం రాత్రి నుంచే క్యూ కడతారు, ఆ రోజు అమ్మవారిని ముట్టుకుని నెమ్మదిగా పూజ చేసుకుందాం అంటే కుదరదు, నెట్టుకుంటూ చూసి బయటపడటమే. జాతర సందడి కావాలనుకుంటే గురువారం రండి, గాజుల బళ్లు, ఖర్జూరం కుప్పలు, తప్పిపోయిన పిల్లల కోసం మైకులో పిలుపులు, అన్నీ ఉంటాయి. చేతులతో పూజ చేసుకోవాలని ఉంటే అదే నెలలో సోమవారమో మంగళవారమో రండి. ఈ చిన్న తేడా తెలియక దూరం నుంచి వచ్చినవాళ్లు చాలామంది గురువారం వచ్చి, రెప్పపాటు దర్శనం చేసుకుని, ఇంతేనా అనుకుంటూ వెళ్తారు.

అదే రోజుల్లో నేవీ వాళ్ల సందడి. డిసెంబర్ 4 నౌకాదళ దినోత్సవం, 1971 యుద్ధంలో మన నేవీ కరాచీ మీద దాడి చేసిన రోజు. అంతకుముందు రాత్రే పాకిస్తాన్ జలాంతర్గామి ఘాజీ మన విశాఖ తీరంలోనే మునిగిపోయింది, దాని గుర్తుగా బీచ్ రోడ్డులో విక్టరీ ఎట్ సీ స్తూపం ఉంది, మీరు ఫోటో దిగే ఉంటారు, ఎందుకుందో చదివి ఉండరు. ఆర్కే బీచ్‌లో నేవీ చేసే విన్యాసాలు చూసి తీరాల్సినవే. హెలికాప్టర్లు తలల మీదుగా వెళ్తుంటే ఛాతీలో దడ దడ వినబడుతుంది, మెరైన్ కమెండోలు చిన్న పడవల్లో దూసుకొచ్చి ఇసుకలోకి దూకుతారు, పొద్దుపోయాక సముద్రం మీద ఓడలన్నీ దీపాలతో వెలుగుతాయి. కాకపోతే ఈమధ్య ఒక మెలిక వచ్చింది. ముఖ్య వేడుకని ఊరూరా తిప్పుతున్నారు, 2023లో మహారాష్ట్ర సింధుదుర్గ్‌లో చేశారు, 2024లో పూరీలో. ఆ రెండుసార్లూ విశాఖలో విన్యాసాలు లేకుండా పోలేదు గానీ తేదీ మారింది, ఒకసారి 2023 డిసెంబర్ 10, ఇంకోసారి ఏకంగా 2025 జనవరి 4. కాబట్టి డిసెంబర్ 4న వస్తే ఖాయం అని ఎవరైనా చెప్తే వినకండి, నవంబర్‌లో ఇక్కడి పేపర్లు చూసి అప్పుడు నిర్ణయించుకోండి.

ఇంకొక కిటుకు చెప్తాను, ఇది ఇక్కడివాళ్లందరికీ తెలుసు. అసలు రోజుకి ముందు రిహార్సల్స్ జరుగుతాయి, సాయంత్రాలు, అదే బీచ్‌లో, దాదాపు అవే విన్యాసాలు. వీఐపీలు ఉండరు, రోడ్లు అంత ముందుగా మూసెయ్యరు, పిల్లల్ని భుజాలెక్కించుకుని మూరీ మిక్చర్ తింటూ హాయిగా చూడొచ్చు. అసలు రోజు అయితే మధ్యాహ్నం నుంచే బీచ్ రోడ్డులోకి బండ్లు రానివ్వరు, రెండు మూడు కిలోమీటర్లు నడిచేందుకు సిద్ధపడి రావాలి. మా ఇంట్లో వాళ్లు రిహార్సలే చూస్తారు.

డిసెంబర్ 8న వన్‌టౌన్‌లోనే రాస్ హిల్ మీద మేరీమాత పండగ. ఓడరేవుకి ఆనుకుని మూడు కొండలుంటాయి, ఒకదాని మీద చర్చి, ఒకదాని మీద ఇసాక్ మదీనా బాబా దర్గా, ఒకదాని మీద వెంకటేశ్వరస్వామి గుడి. మూడూ ఎక్కడానికి ఒక పూట చాలు. రాస్ హిల్ ఎక్కితే హార్బర్ ముఖద్వారం మొత్తం కనబడుతుంది, ఓడ లోపలికి వచ్చే సమయానికి మీరు అక్కడ ఉంటే అదృష్టమే. చూశారుగా, మార్గశిరం డిసెంబర్ మొదట్లో పడిన ఏడు ఒక్క వారం ఉంటే ఎన్ని కలిసొస్తాయో, అందుకే కుటుంబాలకి నా ఓటు దీనికే.

ఇక అప్పన్న స్వామి, అంటే సింహాచలం నరసింహస్వామి. సింహాచలం గురించి తెలియనివాళ్లు ఉండరు గానీ, అక్కడ స్వామి ఏడాదంతా చందనం పూతలో శివలింగంలాగా కనబడతాడని, అసలు రూపం చూసే భాగ్యం ఒక్క రోజేనని చాలామందికి వచ్చాకే తెలుస్తుంది. ఆ రోజు వైశాఖ శుద్ధ తదియ, అక్షయ తృతీయ. మీ దగ్గర ఆ రోజు బంగారం కొట్ల ముందు క్యూలు, మా దగ్గర సింహగిరి మీద క్యూలు. తెల్లవారుజామునే అర్చకులు వెండి బొరిగెలతో చందనాన్ని నెమ్మదిగా ఒలుస్తారు, వరాహ ముఖం, మనిషి దేహం, సింహం తోక, అదీ నిజరూపం. తొలి దర్శనం వంశపారంపర్య ధర్మకర్తలైన విజయనగరం పూసపాటి వారిది. రాత్రికి గంగధార నీళ్లతో వెయ్యి కలశాల అభిషేకం చేసి మళ్లీ చందనం పూసేస్తారు. ఆ రోజు పూసేది మూడు మణుగులు, తర్వాత వైశాఖ పౌర్ణమికి మూడు, జ్యేష్ఠ పౌర్ణమికి మూడు, ఆషాఢ పౌర్ణమికి మూడు, మొత్తం పన్నెండు మణుగులు. కొండ మీద ఆ చందనాన్ని సానరాళ్ల మీద చేత్తోనే అరగదీస్తారు, అరగదీత రోజుల ముందే మొదలవుతుంది, ఆ టైములో గుడికి వెళ్తే వాసన మీకే తెలుస్తుంది.

ఇంత చెప్పి కూడా, చందనోత్సవానికి మీ అమ్మానాన్నల్ని తీసుకురమ్మని నేను చెప్పలేను. ఏప్రిల్, మే నెలల ఉక్క, కొండ మీద ఇరుకు, గంటల తరబడి క్యూ. 2025లో చందనోత్సవం రోజు తెల్లవారకముందే వాన పడి, క్యూ పక్కన గోడ కూలి ఏడుగురు చనిపోయారు. కొండ మీద ఉన్న స్థలం అంతే, వచ్చే జనం లక్షల్లో. ఒంట్లో సత్తువ ఉన్నవాళ్లు, స్వామి మీద నిజంగా భక్తి ఉండి ఎంతసేపైనా నిలబడతాం అనుకునేవాళ్లు రండి, ముందు రోజు రాత్రే చేరుకోండి. "ఏదో చూసినట్టు ఉంటుంది" అనుకునేవాళ్లు వేరే రోజు రండి. స్వామి ఉత్సవమే చూడాలనుకుంటే పుష్య అమావాస్యకి అడవివరం వరాహ పుష్కరిణిలో తెప్పోత్సవం ఉంటుంది, జనవరి, ఫిబ్రవరి రోజులు, చలిగాలి, కోనేరు గట్టు మీద నిలబడి చూడటమే, పెద్దవాళ్లకి అదెంతో నయం.

నన్నడిగితే ఈ ఊరిని మొత్తం ఒక్క రాత్రిలో చూపించేది గిరి ప్రదక్షిణ. ఆషాఢ పౌర్ణమి ముందు రోజు, చతుర్దశి నాడు, సింహాచలం కొండ చుట్టూ దాదాపు 32 కిలోమీటర్లు కాలినడక. కొండ కింద తొలిపావంచా దగ్గర మొదటి మెట్టు మీద కొబ్బరికాయ కొట్టి బయలుదేరతారు. అక్కడ ఒక్క పది నిమిషాలు నిలబడి చూడండి. కాయలు కొట్టే చప్పుడు ఆగదు, కొబ్బరినీళ్లు మడమల దాకా కాలవ కడతాయి, చిప్పల్ని పారలతో ఎత్తి ట్రాక్టర్లకి పోస్తుంటారు, ఎత్తేలోపు మళ్లీ కుప్ప. అక్కడి నుంచి అడవివరం, ముడసర్లోవ, హనుమంతవాక, అప్పూఘర్. అప్పూఘర్ దగ్గర సముద్రంలో దిగి తల తడుపుకుంటారు. తర్వాత ఎంవీపీ కాలనీ, వెంకోజీపాలెం, ఇసుకతోట, సీతమ్మధార, మాధవధార, ఎన్ఏడీ జంక్షన్, గోపాలపట్నం, మళ్లీ తొలిపావంచా. చూశారా, అడవి పక్కన మొదలై, రిజర్వాయర్ మీదుగా, సముద్రం దాకా వచ్చి, కాలనీల మధ్య నుంచి, హైవే దాటి, మళ్లీ కొండ దగ్గరికి. ఏ టూర్ ప్యాకేజీలోనూ ఇంత వైజాగ్ చూపించరు, పైగా డబ్బులు అడగరు.

దారి పొడుగునా ఊరివాళ్లే టేబుళ్లు వేసుకుని నిలబడతారు. మజ్జిగ, పులిహోర, అరటిపళ్లు, బిస్కెట్లు, టీ. అర్ధరాత్రి దాటాక సీతమ్మధార వైపు వెళ్తే, గేటు ముందు కుర్చీలు వేసి "కూర్చోండమ్మా, ఓ రెండు నిమిషాలు కూర్చోండి" అని పిలుస్తారు, నొప్పుల మందు స్ప్రే కొడతారు, కొన్నిచోట్ల కాళ్లకి నూనె రాసేవాళ్లూ ఉంటారు. తీసుకునేవాళ్లకి మొహమాటం ఉండొచ్చు, ఇచ్చేవాళ్లకి అస్సలు లేదు. శ్రీకాకుళం, విజయనగరం పల్లెల నుంచి వచ్చిన ముసలమ్మలు నెత్తిన చిన్న మూట పెట్టుకుని వడివడిగా నడిచిపోతుంటారు, వాళ్ల వెనక జిమ్ముకెళ్లే కుర్రాళ్లు కుంటుతూ వస్తుంటారు, ఇది మాత్రం నేను ప్రతిసారీ చూసేదే.

రావాలనుకునేవాళ్లకి కొన్ని మాటలు. ఎక్కువమంది చెప్పుల్లేకుండానే నడుస్తారు, అలవాటు లేనివాళ్లు ఊళ్లోనే కొన్ని రోజులు వట్టికాళ్లతో నడవడం మొదలుపెట్టండి. మధ్యాహ్నం స్వామి రథం కదిలే వేళకి జనం ఒక్కసారిగా కమ్ముకుంటారు, తోపులాట వద్దనుకుంటే పొద్దున్నే బయలుదేరినా తప్పేం లేదు, చాలామంది అలాగే చేస్తారు. వాన పడితే పడనివ్వండి, ఆషాఢంలో ఎండ కాసే కంటే అదే మేలు. ఫోన్ ఛార్జింగ్ గురించి టెన్షన్ పడకుండా, కలుసుకునే చోటు ముందే అనుకోండి, అప్పూఘర్‌లో ఫలానా చోట అని, ఎందుకంటే ఆ జనంలో సిగ్నల్ అందదు. మర్నాడు పౌర్ణమికి గదుల కోసం వెతుక్కుంటే దొరకవు, ముందే చూసుకోండి. ఆ రోజు అరకు టికెట్ మాత్రం పెట్టుకోకండి బాబూ, కాళ్లు మీ మాట వినవు.

దసరా తర్వాత వచ్చే మంగళవారం, విశాఖలో కాదు గానీ ఇక్కడి నుంచి 60 కిలోమీటర్ల దూరంలో విజయనగరంలో, పైడితల్లమ్మ సిరిమానోత్సవం. రైలెక్కితే గంటో గంటంపావో. సిరిమాను అంటే 60 అడుగులకి అటూ ఇటూ ఉండే చింతమాను. ఏ చెట్టు అనేది అమ్మవారు పూజారికి కలలో చెప్తుందని నమ్మకం, ఆ చెట్టు ఎవరి పెరట్లో ఉన్నా వాళ్లు పసుపు కుంకుమ పెట్టి ఇచ్చేస్తారు. ఆ మాను చివర ఆసనం కట్టి, పూజారిని కూర్చోబెట్టి, పైకి లేపి, మూడు లాంతర్ల దగ్గర గుడి నుంచి కోట దాకా మూడుసార్లు తిప్పుతారు. గాల్లో అంత ఎత్తున మనిషి, చేతిలో విసనకర్ర, కింద లక్షల జనం, జనం చేతుల్లోంచి అరటిపళ్లు ఎగురుతుంటాయి, మానుకి తగలాలని విసురుతారు, మీ నెత్తికి కూడా తగుల్తాయి, అది మొక్కే అనుకోండి. సిరిమానుకి ముందు పాలధార, తెల్ల ఏనుగు, అంజలి రథం, జాలర్ల వల, ఇవన్నీ కదులుతాయి. పైడితల్లమ్మ విజయరామ గజపతి చెల్లెలని, 1757 బొబ్బిలి యుద్ధం నాటి దుఃఖంతో పెద్దచెరువులో కలిసిపోయిందని కథ. ముందు రోజు సోమవారం రాత్రి తొలేళ్లు, రైతులకి విత్తనాలు పంచుతారు, ఊరంతా మేలుకునే ఉంటుంది. వీలుంటే తొలేళ్లకే వెళ్లిపోండి, మంగళవారం మధ్యాహ్నం వెళ్తే ఊళ్లోకి దారి దొరకదు. తొలేళ్లకి కుదరకపోతే, మంగళవారం విశాఖ నుంచి పొద్దున్నే వెళ్లి రాత్రికి తిరిగొచ్చేయడం మంచిది, ఆ రోజు విజయనగరంలో గది దొరకడం కష్టం.

అదే దసరాకి వైజాగ్‌లో బెంగాలీల దుర్గా పూజలు కూడా చూడొచ్చు. రైల్వే, నేవీ, స్టీల్ ప్లాంట్ పుణ్యమా అని దేశం నలుమూలల జనం ఇక్కడ స్థిరపడ్డారు, అందుకే ఆషాఢంలో ఒడియా వాళ్ల జగన్నాథ రథయాత్ర కూడా ఊళ్లోనే జరుగుతుంది, పూరీ దాకా వెళ్లే పని లేదు. వినాయక చవితికి గాజువాకలో తాటిచెట్లని మించిన విగ్రహం నిలబెడతారు, ఎత్తు చూసి నోరెళ్లబెట్టి రావడమే, అంతకంటే చెప్పడానికి ఏమీ లేదు.

సంక్రాంతికి వైజాగ్ వస్తామనేవాళ్లకి నిజం చెప్పాలి, ఊరు ఖాళీ. సగం మంది శ్రీకాకుళం, విజయనగరం, కోనసీమ పల్లెలకి వెళ్లిపోతారు, బస్సులు కిక్కిరిసి బయటికి పోతుంటాయి, మీరు ఒక్కరే లోపలికి వస్తుంటారు. భోగి నాడు బీచ్ రోడ్డులో మంటలు, గంగిరెద్దులు ఏర్పాటు చేస్తారు, ఫోటోలకి బాగానే ఉంటుంది. కనుమ నాడు కాకి కూడా కదలదంటారు, మంచి మెస్సులు మూసేస్తారు, కాబట్టి ఎవరైనా చుట్టాలుంటే వాళ్లింట్లో దిగండి, మినపగారెలైనా దొరుకుతాయి. కనుమకి ఇంకో సంగతి ఉంది. అనకాపల్లి పక్కన శంకరం ఊళ్లో బొజ్జన్నకొండ, కొండని తొలిచి చేసిన బౌద్ధ గుహలు, స్తూపాలు. కనుమ రోజు చుట్టుపక్కల పల్లెల జనం అక్కడికి తీర్థంగా, అంటే జాతరలా, వెళ్తారు. ఒకప్పుడు అక్కడ బొజ్జలా ఉండే కట్టడాన్ని రాక్షసుడి పొట్ట అనుకుని రాళ్లు విసిరేవాళ్లు, వారసత్వ కట్టడాల కోసం పనిచేసే ఇన్‌టాక్ వాళ్లు పూనుకుని జనానికి నచ్చచెప్పి మాన్పించారు. తరాలుగా రాళ్లేసిన ఊళ్లే ఇప్పుడు అదే రోజు వచ్చి చూసి వెళ్తున్నాయి, నాకైతే ఆ తీర్థం చాలా ఇష్టం. అనకాపల్లి వెళ్లారు కాబట్టి బెల్లం కొనుక్కోండి, మాడుగుల హల్వా దొరికితే వదలకండి. అనకాపల్లిలోనే నూకాలమ్మ జాతర, అది ఉగాదికి ముందు రోజు కొత్త అమావాస్యకి మొదలై నెలరోజులు సాగుతుంది, ఆదివారాలు రద్దీ, మామూలు రోజుల్లో సుఖం.

శివరాత్రి అంటారా, ఆర్కే బీచ్‌లో టి. సుబ్బరామిరెడ్డి గారు ఏళ్ల తరబడి కోటి లింగాలతో మహా కుంభాభిషేకం చేయిస్తున్నారు, మర్నాడు పొద్దున జాగారం చేసినవాళ్లంతా సముద్ర స్నానానికి దిగుతారు. ప్రశాంతంగా కావాలంటే స్టీల్ ప్లాంట్ అవతల అప్పికొండ సోమేశ్వరుడి గుడి, ఇసుక మీదే గుడి, శివరాత్రికి అక్కడా తీర్థమే గానీ మిగతా రోజుల్లో కెరటాల చప్పుడు తప్ప ఏమీ ఉండదు. మాఘ పౌర్ణమికి భీమిలి, పూడిమడక తీరాల్లో సముద్ర స్నానాలు. ఒక్కటే జాగ్రత్త, మా సముద్రం లోతు అడుగు తీసి అడుగు వేసేలోపు మారిపోతుంది, జనం ఉన్నచోటే దిగండి, ఈత వచ్చినా సరే మోకాలి లోతు దాటొద్దు.

చివరగా ఏజెన్సీ. అరకు, పాడేరు ఇప్పుడు అల్లూరి సీతారామరాజు జిల్లా, 2022 నుంచి. అక్కడి పండగలు చూడాలంటే డిసెంబర్ పొగమంచులో కాకుండా చైత్రంలో వెళ్లాలి, అంటే మార్చి ఆఖరు, ఏప్రిల్. అప్పుడు గిరిజనుల ఇటుకల పండగ. విత్తనాలకి పూజ చేస్తారు, మగవాళ్లు వేటకి పోతారు, ఆడవాళ్లు, పిల్లలు రోడ్డుకి అడ్డంగా కర్రో తాడో పెట్టి వచ్చే పోయే బండ్లని ఆపి పండగ డబ్బులు అడుగుతారు, సందడిగా థింసా నాట్యం ఆడతారు. అద్దాలు ఎక్కించుకుని హారన్లు కొట్టకండి, అది దోపిడీ కాదు, పండగ. ఇరవై, ముప్పై రూపాయల చిల్లర దగ్గర పెట్టుకోండి, ఒక్కో ఊరికి ఒక్కో గేటు తగుల్తుంది. దిగి రెండడుగులు కలిపితే ఇంకా సంతోషిస్తారు. ఫోటో తీసేముందు మాత్రం అడగండి. మే నెలలో పాడేరులో మోదకొండమ్మ జాతర, మూడు రోజులు, కింద విశాఖ ఉడికిపోతుంటే పైన కొంచెం గాలి ఆడుతుంది.

పెదవాల్తేరు కరకచెట్టు పోలమాంబ పండగలాంటివి, పేటపేటకీ ఉండే అమ్మవారి పండగలు ఇంకా బోలెడున్నాయి, వాటి రోజులు ఏ వెబ్‌సైట్‌లోనూ దొరకవు, ఊరి పెద్దలు కూర్చుని చాటింపు వేస్తేనే తెలుస్తాయి. మీది వైజాగ్ అయితే, మీ పేటలో అమ్మవారి పండగ ఎప్పుడో కింద రాయండి, తేదీ కాకుండా ఏ మాసం, ఏ వారం అని రాయండి. ఉంటానండీ.